గాలికి ఆరేసిన బొంత

కొన్నాళ్ళు అంది కదా, కొన్నాళ్ళు అంటే ఎప్పటికీ అని కాదు కదా, ఎప్పటికీ వెళ్ళిపోయేవాళ్ళు కొన్నాళ్ళు అనరు, అసలేమీ అనరు, తాళంచెవి బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోతారు. మారీబెల్ తాళంచెవి ఇవ్వలేదు. లోరెట్టా ఆ సంగతిని నాలుక కింద బిళ్ళలా పెట్టుకుని వేసవి మొదలైనప్పటి నుంచీ చప్పరిస్తూనే ఉంది. అది కరగలేదు, తీపీ తగ్గలేదు. వంటింటి బల్ల దగ్గర కాఫీ చల్లారిపోతోంది. పై వాటా ఖాళీగా ఉంది. ఖాళీ ఇంటికి కూడా ఒక బరువుంటుందని, అది కప్పు మీద నుంచి కిందికి దిగి మనిషి భుజాల మీద కూర్చుంటుందని ఆమెకి యాభై ఏడేళ్ళ వయసులో తెలిసింది.

మిల్వాకీ దక్షిణాన, లింకన్ అవెన్యూకి రెండు వీధుల అవతల, ఆ ఇంటిని ఆమె తండ్రి తోళ్ళ కర్మాగారంలో పనిచేసి కొన్నాడు. కింద ఒక వాటా, పైన ఒక వాటా, పక్కనుంచి మెట్లు. ఒకప్పుడు ఆ వీధి వీధంతా పోలిష్ వాళ్ళే. ఇప్పుడు సగం పైగా మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. తల్లీతండ్రీ పోయాక పై వాటా అద్దె, హోటలు బట్టల మడతపనిలో వచ్చే జీతం, ఈ రెంటితో లోరెట్టా ఒంటరిగా బతికింది. ఒంటరితనం ఆమెకి కొత్త కాదు, కష్టమూ కాదు. మారీబెల్ చంటిబిడ్డతో అద్దెకి దిగేవరకూ అది ఒంటరితనమని కూడా ఆమెకి తెలియదు.

పిల్లాడి పేరు ఎలీసియో. పక్కింటి యూజీన్ మనవలు తమ అమ్మమ్మని పిలిచే పిలుపు విని, తనే ఒకరోజు లోరెట్టాని "బూషా" అన్నాడు. ఎవరూ నేర్పలేదు. పెళ్ళి లేని మనిషికి, పిల్లలు లేని మనిషికి, ఎవరో వీధిలోంచి మనవణ్ణి తెచ్చి ఒళ్ళో పడేసినట్టయింది. "పాలు", "లారీ", "బూషా". ఆ తరవాత ఇంకా ఎన్నో మాటలు రావలసినవి, రావడం ఆగిపోయాయి. మూడేళ్ళ పిల్లాడు వేలితో చూపించి మూలుగుతున్నాడు. ఆస్పత్రిలో రక్తం తీశారు. అందులో సీసం ఉందన్నారు. నర్సు వచ్చి కిటికీల దగ్గర పెచ్చులూడిన రంగు చూసి, పిల్లాణ్ణి ముందు ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళమంది. మారీబెల్ నది అవతల అక్క ఇంటికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు, అంది.

ఆ కిటికీలకి రంగు వేసింది నాన్నే. ప్రతి ఈస్టర్ ముందూ వేసేవాడు. డబ్బా చేత్తో ఎత్తి చూసి, "బరువున్న రంగే రంగు. తేలికైంది నీళ్ళు," అనేవాడు. ఆ బరువు సీసానిదని ఆయనకి తెలియదు. ఒక పొర మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి. పైకి జరిపే కిటికీ, జరిపినప్పుడల్లా చట్రానికి రాసుకుని ఆ పొరల్ని పిండి చేస్తుంది. నగరం వాళ్ళు పాత ఇళ్ళకి కిటికీలు మార్చడానికి డబ్బిస్తారని చాలా ఏళ్ళ క్రితమే ఉత్తరం వచ్చింది. లోరెట్టా దాన్లో బంగాళదుంప తొక్కలు చుట్టి పారేసింది. నాన్న ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఆ గర్వం ఆమెది కాదు, ఆయనది. కానీ ఇల్లుతో పాటు అదీ వారసత్వంగా వచ్చింది.

మారీబెల్ వెళ్ళిన వారంలోనే లోరెట్టా తనే ఆ నగరం ఆఫీసుకి బస్సెక్కి వెళ్ళింది. బెవర్లీ టేట్ అనే ఆవిడ కూర్చోబెట్టి చెప్పింది. కిటికీలకీ, వాకిలి వసారాకీ చాలా భాగం నగరమే పెట్టుకుంటుంది. కానీ ఇంట్లో ఆరేళ్ళు నిండని పిల్లలు ఉండాలి, లేదా వచ్చి ఉండబోతూ ఉండాలి.

"ఉన్నారు. ఒక బాబు," అంది లోరెట్టా.

"ఉన్నాడా, ఉండేవాడా?"

"వస్తాడు."

"అంటే వాళ్ళమ్మ సంతకం కావాలి మరి. ఆవిడ రానంటే వేరే కుటుంబాలు వరసలో ఉన్నాయి, మిస్ లోరెట్టా. చిన్నపిల్లలున్నవాళ్ళే. మీకు అద్దెకి ఇబ్బంది ఉండదు."

"వాడే వస్తాడు," అంది లోరెట్టా. బెవర్లీ కాగితం తిప్పింది. ఆ తరవాత మారీబెల్ సంతకం పెట్టింది కూడా. వస్తానని కాదు, చూస్తానని.

ఆగస్టులో బెవర్లీ ఇంటికే వచ్చింది. అంతకుముందు ఒక కుర్రాడు వచ్చి తడిగుడ్డ ముక్కలతో నేలా, గట్లూ తుడిచి సీసాల్లో వేసుకుని వెళ్ళాడు. వాటి ఫలితాలు ఇప్పుడొచ్చాయి.

"మీ పడకగది కిటికీ గట్టు ఉంది చూశారూ," అంది బెవర్లీ, కుర్చీలో కూర్చుంటూ. "ఇల్లు మొత్తం మీద దానికే ఫస్టు ర్యాంకు."

"మా నాన్న వింటే సంతోషించేవాడు. ఆయనకి బళ్ళో ఎప్పుడూ రాలేదు."

బెవర్లీ నవ్వింది. పెద్ద నవ్వు, ఒళ్ళంతా కదిలే నవ్వు. "పై వాటా కిటికీలు కూడా చెడ్డవే కానీ ఇంత కాదు. ఇది ఎక్కువ వాడే కిటికీలా ఉందే. గట్టు మీద ఏమైనా పెడతారా? కుండీలు, తినేవి, బట్టలు?"

"ఏమీ పెట్టను."

ఆలోచించి ఆడిన అబద్ధం కాదది. ఎవరో హఠాత్తుగా గదిలోకి వస్తే చెయ్యి తనంతట తనే బట్టలు సర్దుకుంటుందే, అలా వచ్చింది. వచ్చాక, ఎందుకు వచ్చిందో అని ఆమె లోపలికి చూసుకోబోయింది. కానీ బెవర్లీ ఇంకో మాట ఎత్తింది.

"ఇంకోటి. మీరు దిగులు పడకండి కానీ, పిల్లాడి రక్తంలో సీసం తగ్గలేదట."

"ఇక్కణ్ణుంచి వెళ్ళాక కూడానా?"

"అదే కదా. ఈపాటికి ఎంతో కొంత దిగాలి. దిగలేదు సరికదా, కాస్త పెరిగింది. వాళ్ళక్కది కూడా పాత ఇల్లే. అక్కడా చూస్తారట. మారీబెల్‌కి బావగారి మీద అనుమానం, పాత కార్లు విప్పుతుంటాడట పెరట్లో. నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. లోరెట్టా గారిల్లు ఎప్పటికవుతుంది, మేం ఎప్పుడు వెనక్కి రావచ్చు అని."

పిల్లాడికి బాగాలేదన్న వార్తకి లోరెట్టా గుండె ఎగిరి గంతేసింది. అది ఆమెకి స్పష్టంగా తెలిసింది. ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని ఉండగా, తన ఛాతీలో జంతువు ఒకటి తోక ఊపింది. ఆమె లేచి బెవర్లీకి ఇంకో కప్పు కాఫీ పోసింది.

బెవర్లీ వెళ్ళాక పడకగదిలోకి వెళ్ళింది. మంచం మీద ఆమె బొంత ఉంది. బాతు ఈకల బొంత, పొంగిన రొట్టెలా తెల్లగా. ఇలాంటివి ఆ ఇంట్లో రెండుండేవి. చలికాలపు సాయంత్రాలు అమ్మా, పిన్నమ్మలూ బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్క ఈకనీ కాడ నుంచి చీల్చి, తుమ్మకూడదు, నవ్వకూడదు అని ఒకరినొకరు తిట్టుకుంటూ నింపినవి. ఈకలకి నీళ్ళు తగలకూడదు అనేది అమ్మ. గాలే వాటికి స్నానం. పొద్దున లేవగానే బొంతని కిటికీ గట్టు మీద వేసి, సగం బయటికి వేలాడదీసి, పిడికిలితో దులిపి, కిటికీ అద్దాన్ని దాని మీదికి దించి పట్టించేది, గాలికి జారిపోకుండా. ఆ పని చెయ్యని ఆడది బద్ధకస్తురాలని ఆ వీధిలో పేరు. అమ్మ పోయినా లోరెట్టా ఒక్క పొద్దు మానలేదు. రెండు బొంతల్నీ. ఒకటి తనది. రెండోది అమ్మది. అమ్మది పోయిన చలికాలం దాకా.

పోయిన చలికాలం పై వాటాలో వేడి సరిగా ఎక్కలేదు. ఇల్లు వేడిచేసే కొలిమిని బాగుచేసేవాడు రావడం ఆలస్యమైంది. లోరెట్టా అమ్మ బొంతని రెండు చేతులా ఎత్తుకుని, ముందు దారి కనపడక మెట్లు తడుముకుంటూ పైకి పట్టుకెళ్ళింది. ఎలీసియో దానిలోకి మునిగిపోయి, ముక్కూ కళ్ళూ మాత్రం బయట పెట్టి నవ్వాడు. ఆ రాత్రి నుంచీ దాని మూల ఒకటి నోట్లో పెట్టుకుని చీకుతూ తప్ప నిద్రపోయేవాడు కాదు. వెళ్ళేనాడు మెట్ల మీద దాన్ని ఈడ్చుకుంటూ దిగుతుంటే, "వదిలెయ్ నాన్నా, అది బూషాది," అంది మారీబెల్. "పట్టుకెళ్ళనీ," అంది లోరెట్టా. "వాడితో ఉండనీ."

ఇప్పుడామె బొంతని తిరగేసింది. అడుగువైపు, మధ్యగా, కిటికీ గట్టు అంచు నొక్కుకునే చోట, బూడిదతెలుపు చార ఒకటి ఉంది. వేలితో రాసింది. వేలి మీద మెత్తగా పిండిలా అంటింది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న చార. బట్ట అరుగుదల అనుకున్న చార. అమ్మ బొంతకీ ఉన్న చార.

ఏమీ పెట్టను అని తన నోరు ఎందుకందో అప్పుడు తెలిసింది. తనకంటే ముందు తన నోటికి తెలిసింది.

మనసు చాలా మర్యాదగా బేరం మొదలుపెట్టింది. మారీబెల్ ఎలాగూ వస్తానంటోంది. వచ్చేది కొత్త కిటికీల ఇంటికి. రాగానే బొంత తీసేసుకోవచ్చు, చిరిగింది కుట్టిస్తాననో, చిమ్మటలు పట్టాయనో. దుకాణంలో కొత్తది కొని ఇవ్వచ్చు. పిల్లాడి రక్తం తేలికపడుతుంది. మాటలు వస్తాయి. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. ఇంకొన్నాళ్ళే కదా. అదే చెప్పేస్తే? నా బిడ్డకి నీ చేత్తోనే పెట్టావా అని ఆ పిల్ల ఒక్క మాటంటే చాలు. అనకపోయినా చాలు, అలా చూస్తే చాలు. మళ్ళీ ఆ మెట్లెక్కదు. నగరం వాళ్ళు ఇంకో కుటుంబాన్ని తెచ్చి పైన పెడతారు, ఎవరి పిల్లలో, వాళ్ళకి ఈమె ఇంటావిడ.

మర్నాడు పొద్దున బొంతని ఎత్తబోయిన చేతులు మధ్యలో ఆగాయి. దాన్ని అలాగే మంచం మీద వదిలి పెరట్లోకి వెళ్ళింది. కంచె అవతల యూజీన్ టమాటాలకి నీళ్ళు పడుతున్నాడు. చిన్నప్పుడు ఒకే బళ్ళో చదివినవాడు, ఈమధ్యే భార్య పోయినవాడు, నోరు ఊరుకోనివాడు.

"ఏమే లోరెట్టా, ఇవాళ నీ కిటికీ నాలుక బయటపెట్టలేదేం? ఒంట్లో బాగాలేదా దానికి?"

"కిటికీలు మారుస్తున్నారు."

"విన్నాలే. మీ నాన్న సమాధిలో బోర్లా తిరిగి పడుకుని ఉంటాడు. నగరం డబ్బుతో కిటికీలు." పైపు మడిచి నీళ్ళు ఆపాడు. "అయినా ఆ రంగు మధ్యనే కదా మనం పెరిగాం. పెచ్చులు గిల్లి నోట్లో వేసుకునేవాణ్ణి నేను, తియ్యగా ఉండేవి. నాకేమైందిటా?"

"అదే నేనూ చూస్తున్నా."

"చూడు చూడు. తీరిగ్గా చూడు. నిన్ను చేసుకుంటానని ఒకప్పుడు అడిగింది కూడా ఆ పెచ్చులు తినే అయ్యుంటుంది."

ఇంకోరోజైతే నవ్వేది. లోపలికి వచ్చి ఫోన్ తీసి మారీబెల్‌కి చేసింది. చెప్పేద్దామనే చేసింది. వాక్యం కూడా సిద్ధంగా ఉంది, మారీబెల్, ఆ బొంత వాడి దగ్గర్నుంచి తీసెయ్.

"దోన్యా లోరెట్టా," అంది మారీబెల్ గొంతు, తన భాషలో పెద్దావిణ్ణి పిలిచే మర్యాదతో. వెనక పళ్ళాల చప్పుడు, ఎవరో మగమనిషి అరుపు. "మీరే చేద్దామనుకుంటున్నా. బెవర్లీ గారు చెప్పారా? ఈ ఇంట్లో ఇంక నావల్ల కాదండీ. మా అక్కకి నామీద కోపం, మొగుణ్ణి అన్నానని. ఇంజన్ నూనె చేతులతో పిల్లాణ్ణి ఎత్తుకుంటాడండీ, ఏమనకుండా ఎలా ఉంటాను?"

"పిల్లాడు ఎలా ఉన్నాడు?"

"అలాగే. మాటల్లేవు. రాత్రిళ్ళు మాత్రం మీ బొంత పుణ్యమాని నిద్రపోతున్నాడు. మా అక్క ఏమంటుందో తెలుసా? మీ ఇంటావిడ వీడికి రెండో అమ్మని కుట్టిచ్చింది అంటుంది. ఉండండి, ఇస్తాను."

చెవిలో ఊపిరి వినపడింది. ముక్కు కారుతున్న ఊపిరి. తరవాత చాలాసేపటికి, గొంతులోంచి బరువేదో ఎత్తుతున్నట్టు, "బూ-షా."

సిద్ధంగా ఉన్న వాక్యం ఆ రెండక్షరాల్లో కరిగిపోయింది. రెండో అమ్మ. ప్రతి రాత్రీ నది అవతల, తను లేని గదిలో, తన ఇంటి వాసనని వాడు కౌగిలించుకుని పడుకుంటున్నాడు. భూమ్మీద తనకున్న చోటు అదొక్కటే. దాన్ని తన నోటితోనే విషం అని పిలవాలి. ఫోన్ పెట్టేసినప్పుడు తను ఏం మాట్లాడిందో ఆమెకి గుర్తులేదు. పిల్లాడికి ముద్దులు అని ఉంటుంది.

పనివాళ్ళు వచ్చారు. తెల్ల తొడుగులు వేసుకుని, పై వాటా అంతా ప్లాస్టిక్ పరదాలు కట్టి, పాత కిటికీల్ని తడుపుతూ విప్పి, దళసరి సంచుల్లో మూటలు కట్టారు. నాన్న వేసిన ఈస్టర్లన్నీ వీధిచివర బండిలోకి ఎక్కాయి. లోరెట్టా పనికి వెళ్ళి వస్తూ చూసేది. హోటల్లో దుప్పట్లు మడతపెడుతున్నప్పుడు ప్రతి దుప్పటికీ ఒక మూల చేతిలోకి వచ్చేది, వద్దనుకున్నా కళ్ళు అటే వెళ్ళేవి. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుంది, రెండుసార్లూ బల్ల మీద పెట్టింది. తనని తాను చూసి తనకే ఆశ్చర్యం వేసింది. వాడి మీద ఇంత ప్రేమ ఉన్న మనిషి ఇలా ఎలా ఊరుకుంటుంది? ఊరుకుంటున్నది ఆ ప్రేమే అని తోచింది. వాడు కావాలన్న కోరిక, వాడు బాగుండాలన్న కోరిక, రెండూ ఒకటే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. అవి పక్కపక్కన నడిచే ఇద్దరు మనుషులు. సందు ఇరుకైతే ఒకరు ఆగాలి.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మారీబెల్ వచ్చింది. పై వాటా పూర్తయింది, తుడిచి, పరీక్షించి, పర్వాలేదన్నారు. కింద వాటా ఇంకా మొదలుకాలేదు. వీధిలో కారు ఆపి దిగింది. మనిషి చిక్కింది. చెవులకి మాత్రం ఆదివారపు రింగులున్నాయి.

"పడుకున్నాడండీ," అంది గొంతు తగ్గించి. "దింపను. కింద ఇంకా అవ్వలేదుగా. మీరు ఇక్కడ నిలబడతారా? గబగబా పైకెళ్ళి చూసొస్తా."

"వెళ్ళు. నేనున్నా."

"వచ్చే శనివారం దిగిపోదామనుకుంటున్నాం. సామాను కట్టేశాను కూడా. మా అక్క మాట్లాడ్డం మానేసింది, బావగారు ఇంకా ఎక్కువ మాట్లాడుతున్నాడు. ఇన్స్పెక్టర్ని తెచ్చి నా పెరడు తవ్విస్తావా అని." మెట్లెక్కబోతూ తిరిగి చూసింది. "మిమ్మల్ని నేనే అనవసరంగా అనుమానించాను, దోన్యా. మీ ఇంటి వల్లే అనుకున్నాను. ఇల్లు మారినా తగ్గలేదు కదా, మీ తప్పేం ఉంది? మనసులో పెట్టుకోకండి."

లోరెట్టా తల ఊపింది. క్షమాపణ అంత బరువుగా ఉంటుందని ఆమెకి తెలియదు.

కారు వెనక తలుపు తీసి ఉంది. కుర్చీలో ఎలీసియో తల పక్కకి వాల్చి నిద్రపోతున్నాడు. ఎండకి బుగ్గలు ఎర్రబడ్డాయి. బొంత ఒళ్ళో ముద్దగా పడి, సగం కింద కాళ్ళ దగ్గరికి జారింది. మూల నోట్లో ఉంది. దవడ మెల్లగా కదులుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. ఎన్నో నెలల తరవాత వాణ్ణి ఇంత దగ్గరగా చూడటం. కనుబొమ్మ మీద కొత్త గీత, ఎక్కడో పడి ఉంటాడు. గీత వయసెంతో తనకి తెలియదు. తను లేనప్పటిది.

ఇప్పుడే తీసేసుకోవచ్చు. ఉతికించి ఇస్తాను అంటే మారీబెల్ నమ్ముతుంది, ఇవాళ ఏం చెప్పినా నమ్ముతుంది. వాడు బాగుపడతాడు. శనివారం పైకి వస్తాడు. అంతా దొరుకుతుంది, ఒక్క అబద్ధానికి. ఆమె ఆ దారిలో చివరిదాకా నడిచి చూసింది. నది అవతల ఇంట్లో అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఎవరో వెళ్ళి ఆ పెరడు తవ్వుతారు, ఏదో దొరుకుతుంది, పాత పెరట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. వాడు పడుకున్న పరుపు, ఈ కారు సీటు, వాడి దిండు, వేటి మీదా ఎవరూ తడిగుడ్డ వెయ్యరు. ఎందుకంటే ఎక్కడ వెతకాలో తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడ చెప్పదు. రోజూ పైన వాడి అడుగులు వింటూ కింద కూర్చుంటుంది. వాడు బూషా అన్న ప్రతిసారీ ఆవిడకి చార గుర్తొస్తుంది.

పైన కొత్త కిటికీ చప్పుడు లేకుండా పైకి జరిగింది. మారీబెల్ తల బయటపెట్టింది, నవ్వుతోంది.

"ఒక్క వేలితో తెరుచుకుంటోందండీ. ఎంత బాగున్నాయో. లేచాడా?"

"లేవలేదు," అంది లోరెట్టా. మళ్ళీ అంది, ఈసారి వీధికి వినపడేలా. "కిందికి రా, మారీబెల్. మీ బావ కాదు. వాడికి సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలుసు. నేనిచ్చిందే."

పైన నవ్వు అలాగే ఆగిపోయింది, ఆరకుండా, ఏమిటో అర్థం కాకుండా. తరవాత కిటికీలో ఎవరూ లేరు. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.

లోరెట్టా కారులోకి వంగింది. చూపుడువేలు పిల్లాడి పెదవుల మధ్యకి పోనిచ్చి, పళ్ళకి తగలకుండా, తడిసిన బొంత మూలని మెల్లగా బయటికి లాగింది.